అట్టకత్తి - ఉక్కుకత్తి

హైదరాబాదు నగరమునకు పడమటి భాగమున, ఒకనాడు రాతిగుట్టలును ముళ్ళపొదలును నిండియుండిన చోట, నేడు జూబిలీహిల్స్, ఫిలింనగర్ అను పేటలు వెలసియున్నవి. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మదరాసునుండి తరలివచ్చి స్థిరపడిన తావులివి. 1976వ సంవత్సరమున ఈ పేటలకు చేరువనే అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమైనది. క్రమక్రమముగా మరికొన్ని స్టూడియోలును, చలనచిత్ర వాణిజ్యమండలియు, నటుల గృహములును ఈ గుట్టలపై చేరినవి. ఈ వీథులలో కత్తులకు కొరతలేదు. పౌరాణిక చిత్రమునకో, జానపద చిత్రమునకో సన్నాహము జరుగునపుడు ఖడ్గములు, బాకులు, ఈటెలు, గండ్రగొడ్డళ్ళు మోపులుకట్టి బండ్లకెత్తుదురు. చూచువారికి అవి ఏ మహాసామ్రాజ్యపు ఆయుధాగారమునుండియో కదలి పోవుచున్నట్లు తోచును. కాని వానిలో ఒక్కటియు ఒక వంకాయను తరుగజాలదు.

తెలుగువారు ఇట్టి కత్తికి ఏనాడో పేరుపెట్టిరి. అది అట్టకత్తి. దళసరి అట్టను కత్తి ఆకారమున కత్తిరించి, వెండికాగితము అంటించి, నాటకమున రాజవేషధారి చేతికిచ్చుట పూర్వమునుండి ఉన్నదే. మాటలలో శౌర్యము చూపి పనిలో వెనుకకు జరుగువానిని అట్టకత్తి వీరుడని ఎగతాళి చేయుట నేటికిని కలదు. కాని ఆ కత్తిని పట్టియే ప్రజల హృదయములను గెలుచుకొనినవారును కలరు. 1923లో కోదాడకు చేరువనున్న గుడిబండ గ్రామమున జన్మించి 2009లో కీర్తిశేషులైన కాంతారావుగారు జానపద చిత్రములలో చేసిన కత్తియుద్ధములచేత ‘కత్తి కాంతారావు’ అని పేరొందిరి. తాడేపల్లివారను ఇంటిపేరును జనులు మరచిపోయిరి. ఆయన చేతిలోని కత్తియే ఆయనకు ఇంటిపేరైనది.

కనుక అట్టకత్తిని చులకనగా చూచుట న్యాయము కాదు. దానిని చేయు పనివాడు మిక్కిలి బుద్ధిశాలి. అతనికి అప్పగింపబడిన పని సామాన్యమైనది కాదు. కత్తి తెరపై ఉక్కువలె మెరయవలెను. నటుని చేతికి తేలికగా నుండవలెను. పొరపాటున తగిలినను ఎదుటివానికి గాయము కారాదు. నిజమైన ఖడ్గము ఇంచుమించు ఒక కిలోగ్రాము బరువుండును. దానిని పొద్దుటినుండి సాయంకాలమువరకు, దృశ్యము సరిగా కుదురువరకు, మరల మరల త్రిప్పుట ఎంతటి బలశాలికిని కష్టమే. కావున ఒకే ఖడ్గమునకు మూడు నాలుగు ప్రతులు చేయుదురు. చేరువనుండి చూపు దృశ్యమునకు వాదరలేని లోహపు ప్రతి; పోరాటమునకు కొయ్యతోనో అల్యూమినియముతోనో ఫైబరుతోనో చేసిన తేలిక ప్రతి; గుఱ్ఱముపైనుండి పడు ఘట్టమునకు వంగునట్టి రబ్బరు ప్రతి. ఇవి యన్నియు ఒకదానివలె నొకటి కనబడవలెను. ఆ కత్తి కోయకుండుటయే దాని ప్రయోజనము. అదియు ఒక పనిముట్టే, నటుని పనిముట్టు. దానిని చేయువాడు ఎవరిని మోసగించుటలేదు.

మోసము వేరొకచోట మొదలగును. తెరపై చూచిన కత్తినే కత్తికి ప్రమాణముగా ప్రేక్షకుడు గ్రహించుటతో అది ఆరంభమగును. పిడికి బంగారుపూత, అలుగుపై సింహముఖము, ఒరకు ఎఱ్ఱని మఖమలు, అరచేయంత వెడల్పు - ఇవియే మంచి కత్తికి లక్షణములని అతడు నమ్మును. గోడకు తగిలించుటకై బజారులలో అమ్ముడుపోవు కత్తులు ఈ నమ్మకమునుండి పుట్టినవే. అవి అట్టకత్తియు కావు, ఉక్కుకత్తియు కావు. నటుని చేతికి బరువు, వంటింటికి మొద్దు. ఇక పుట్టినరోజున తల్వారుతో కేకు కోయు వేడుక కొందరు యువకులలో ప్రబలి, పోలీసులు కేసులు పెట్టువరకు పోయిన సంగతి వార్తాపత్రికలు చదువువారెరుగుదురు. కేకు మెత్తనిది, దానికి కొయ్యకత్తి చాలును.

ఈ విషయమున చట్టమునకున్న వివేకము ఆ యువకులకు లేకపోయెను. 1959 నాటి ఆయుధ చట్టము ననుసరించి చేసిన నియమములు అలుగు 9 అంగుళములకు మించి పొడవుగాని, 2 అంగుళములకు మించి వెడల్పుగాని ఉన్న కత్తులను ఆయుధముల పట్టికలో చేర్చినవి. అయితే ఇంటిపనికి, సేద్యమునకు, శాస్త్రకార్యమునకు, పరిశ్రమకు ఉద్దేశింపబడిన వానిని ఆ పట్టికనుండి తప్పించినవి. కొలతలు చెప్పిన పిమ్మట, ఈ కత్తి ఏ పనికై చేయబడినదని చట్టము ప్రశ్నించుచున్నది. కత్తిని కళావస్తువుగా మెచ్చుకొనువారును మొదట ఈ ప్రశ్నయే వేయవలెను.

కత్తి చేయుట కళయా, పనితనమా అని విద్యావంతులు వాదింతురు. నగిషీ ఉన్నచో కళ యనియు, లేనిచో ఉత్త పనిముట్టనియు వారిలో కొందరి తీర్పు. ఇది సరియైన తీర్పుగా తోచదు. కత్తి అందము దానికి పైనుండి అంటించునది కాదు. దీనికి సాక్ష్యమును వెదకుచు దూరదేశములకు పోనక్కరలేదు. ఫిలింనగర్‌కు ఉత్తరముగా సుమారు 200 కిలోమీటర్ల దూరమున, నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రమను గ్రామము కలదు. ప్రపంచమున మిక్కిలి ప్రశస్తి గాంచిన కత్తుల ఉక్కు పుట్టిన తావులలో అది యొకటి.

హెన్రీ వాయిసీ అను ఆంగ్లేయుడు వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు. మహా త్రికోణమితి సర్వేలో ఉద్యోగిగా ఈ ప్రాంతములు తిరిగినవాడు. అతడు 1824లో మరణించెను. కోనసముద్రపు ఉక్కును గూర్చి అతడు వ్రాసియుంచిన వర్ణన 1832లో కలకత్తాలో అచ్చుపడినది. ఆ వర్ణన ప్రకారము అచ్చటి పనివారు రెండు వేర్వేరు తావుల ఇనుమును మూడింటికి రెండు పాళ్ళుగా కలిపెడివారు. ఆ మిశ్రమమును మట్టిమూసలలో ఉంచి, మూతి మూసి, కొలిమిలో పేర్చి, ఒక పగలును ఒక రాత్రియు ఎడతెగక తిత్తులూదెడివారు. అలసినవాడు తప్పుకొనగా మరియొకడు తిత్తి పట్టవలెను. నిప్పు మాత్రము తగ్గరాదు. తరువాత మూసలను తొందరపడక చల్లారనిచ్చి పగులగొట్టగా లోపల ఉక్కుముద్ద కనబడెడిది. అప్పుడది పెళుసుగా నుండును. దానిపై మట్టి పూసి, గంటలకొలది మరల కాల్చి, ఆ విధముగా మూడు నాలుగు పర్యాయములు చేసి దారికి తెచ్చెడివారు. పారశీకదేశపు వర్తకులు ఆ పల్లెలోనే విడిసియుండి, పాళ్ళు తూచునపుడు దగ్గరనిలిచి చూచుకొని, ముద్దలను పరీక్షించి కొనిపోవుచుండిరి. ఇస్ఫహాను వర్తకుడొకడు నిజామాబాదు పల్లెలో త్రాసు ప్రక్కన కూర్చుండుట ఏ జానపద చిత్రమునకును తీసిపోని దృశ్యము! ఇంతవరకు దానిని తీసినవారున్నట్లు కానరాదు.

ఆ ఉక్కులో నూటికి ఒకటి మొదలు రెండు పాళ్ళవరకు కర్బనముండును. మెల్లగా చల్లారుటచేతను, పిదప తగిన వేడిలో సుత్తిదెబ్బలచే సాగుటచేతను, కర్బనము ఇనుముతో కూడి మిక్కిలి కఠినములైన కణములై వరుసలు కట్టును. అలుగును నునుపుచేసి ఆమ్లద్రవముతో కడిగినచో ఆ వరుసలు నీటి అలలవలె పైకి తేలును. డమాస్కస్ కత్తులకు ప్రపంచమంతటను కీర్తి తెచ్చిన వన్నె ఇదియే. ఆ అలలను ఎవరును చెక్కలేదు, ఎవరును పూయలేదు. పదును నిలుపునవియు ఆ కణములే, కన్నులకు ఇంపు గొలుపునవియు ఆ కణములే. ఇందులో కళ ఎచ్చట ముగిసినది, పనితనము ఎచ్చట మొదలైనది అని గీత గీయగలవారెవరు? 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు పదునేడవ శతాబ్దపు డమాస్కస్ ఖడ్గమొకదానిని సూక్ష్మదర్శినులతో పరిశీలించి, అందు కర్బనపు నానో నాళికలను కూడ కనుగొనిరి. మూస కాచిన పనివానికి ఆ పేరు తెలియదు, నిప్పు తెలియును.

మన ‘ఉక్కు’ అను మాటయే కన్నడదేశపు పలుకుబడితో కలిసి పాశ్చాత్యుల నోట ‘ఊట్జ్’ అయినదని పండితులు పలువురు భావింతురు. 1795లో జార్జి పియర్సన్ అను వైద్యుడు ఆ పేరుతోనే దీనిని గూర్చి లండనులో వ్యాసము ప్రకటించెను. లండనులో జేమ్స్ స్టోడార్ట్ అను కత్తులపనివాడు ఈ ఉక్కును ఏండ్లతరబడి ఐరోపా ఉక్కుతో పోల్చిచూచి, ఇదియే మేలని తన అంగడి ప్రకటనలో అచ్చువేసికొనెను. అతడు దీనితో రాజులకు ఖడ్గములు చేయలేదు. శస్త్రవైద్యులకు పరికరములును, క్షౌరమునకు కత్తులును చేసెను. అతనితో కలిసి ఈ ఉక్కు రహస్యమును శోధింప పూనుకొనినవాడు మైకేల్ ఫారడే. విద్యుచ్ఛక్తి శాస్త్రమున మహనీయుడైన ఆ ఫారడే ఒక కమ్మరి కుమారుడు. పారశీకమున రాజుల ఒరలలో మెరసిన ఉక్కే లండనులో గడ్డము గీయుటకును పనికివచ్చినదన్నమాట. రెండుచోట్లను దానికి గౌరవము లభించినది, అది కోసినందువలననే.

పందొమ్మిదవ శతాబ్దమున యంత్రములపై చవుకగా తయారైన ఉక్కు వచ్చిపడగా మూసల కొలుములు చల్లారినవి. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారును ఉత్తర తెలంగాణమున సంచరించి, అనేక గ్రామములలో ఇనుప చిట్టెపు దిబ్బలను, మూసల పెంకులను గుర్తించిరి. పంటచేల గట్ల నడుమ ఆ చిట్టెము నేటికిని కాళ్ళకు తగులును.

ఉక్కు కరగించుట పోయినను, కత్తి చేయుట పోలేదు. పల్లెకమ్మరి లారీ కమాను పట్టీలను కొనితెచ్చి కత్తులు, కొడవండ్లు చేయుచునే యున్నాడు. నేడు పట్టణములలో తమ చేతికొలతకు కత్తిని చేయించుకొనుట ఒక ప్రత్యేకమైన అభిరుచిగా చెప్పుకొందురు. పల్లెలో ఏ కత్తియు వేరొక విధముగా తయారుకాలేదు. ఎడమచేతివాటము గల కూలిమనిషి తన కొడవలికి కక్కు ఏ వైపున పెట్టవలెనో చెప్పి చేయించుకొనును. గీతగాడు తాటిచెట్టుపై మోకున నిలిచి గెలను ఆకుకన్న పలుచగా చెక్కవలెను. అతని కత్తి మంగలికత్తివలె పదునుండవలెను, కాని గట్టి మట్టను తాకినపుడు విరుగరాదు. చెప్పులు కుట్టువాని రంపె వేరు, వడ్రంగి ఉలి వేరు. పిడి ఎంత లావుండవలెనో కమ్మరి కొలబద్దతో చూడడు, చేయి చాపుమనును.

పదును పెట్టు ఘట్టమున అతని విద్య సంపూర్ణముగా బయటపడును. కమ్మరికొట్టము చీకటిగా నుండుట పేదరికముచేత ననుకొందురు. అది కొంత నిజమే కావచ్చును. కాని వెలుతురు ఎక్కువైనచో కాలిన ఉక్కు వన్నె కంటికి తెలియదు. ఉక్కు సుమారు 770 డిగ్రీల వేడిమిని దాటినంతనే అయస్కాంతమునకు అంటదు. దానికి కొంచెము పైన, ముదురు ఎరుపు తిరుగు వేళ తెలిసికొని, నూనెలోనో నీటిలోనో ముంచవలెను. అట్లు ముంచిన అలుగు గాజువలె పెళుసై, చేయిజారి బండపై పడినను పగులవచ్చును. దానికి మరల సుమారు 200 డిగ్రీల వేడి చూపవలెను. మెరుగుపెట్టిన చోట ఎండుగడ్డి వన్నె తోచగానే చాలించవలెను. నీలివన్నె తిరుగువరకు ఏమరియున్నచో వాదర మెత్తబడి పదును నిలువదు. ఈ రెండు వన్నెల నడుమ కాలము స్వల్పము. చిత్రకారునికి రంగుల యెడ ఎంత చూపు కావలెనో, కమ్మరికిని అంతయే కావలెను. చిత్రకారుడు తప్పుచేసినచో బొమ్మ చెడును. ఇచ్చట తప్పు జరిగినచో రైతు చేతిలో కత్తి విరుగును.

అమెరికాలో 1976లో ఏర్పడిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ అను కత్తిపనివారి సంఘము ఈ సత్యమును బాగుగా గ్రహించినది. అచ్చట పనివానిగా గుర్తింపు కోరువాడు తాను చేసిన కత్తితో, వ్రేలాడుచున్న అంగుళపు మందము గల త్రాటిని ఒక్క వేటున తెగవేయవలెను. తరువాత అదే కత్తితో దూలపు ముక్కను రెండుమార్లు నరకవలెను. అంత నరికిన పిదపను దానితో చేతి వెంట్రుకలను గొరిగి చూపవలెను. చివరకు అలుగును పట్టుగొయ్యలో బిగించి లంబకోణమువరకు వంచగా అది విరుగరాదు. ఈ పరీక్ష నెగ్గిన తరువాతనే అతని కత్తుల సౌష్ఠవమును, మెరుగును పెద్దలు పరిశీలింతురు. మొదట కోత, పిదప సొగసు. ఈ క్రమము తారుమారు చేయుటకు వీలులేదు.

చేతిపనికత్తికి వెల ఎక్కువ, యంత్రపు కత్తి చవుక, కావున ఇది యంతయు ధనవంతుల వేడుకయే అని ఆక్షేపించువారు కలరు. ఆ మాటలో నిజము లేకపోలేదు. వేలు వెచ్చించి కొని అద్దాల బీరువాలో పెట్టు కత్తి, గోడకు తగిలించు కత్తికి తోబుట్టువే. కాని సొగసుగా నున్నంతమాత్రమున కత్తి వేడుకవస్తువు కానక్కరలేదు. హైదరాబాదులో మూసీ ఒడ్డున 1951లో తెరువబడిన సాలార్‌జంగ్ మ్యూజియములో జహంగీరు పాదుషాదని చెప్పు బాకును, నూర్జహానుదని చెప్పు రత్నములు పొదిగిన చాకును కలవు. సందర్శకులు బాకు ముందర ఎక్కువసేపు నిలుతురు. నిలువదగినది చాకు ముందర. అది పండ్లు కోసికొనుటకు చేసినది. మహారాణియైనను మామిడిపండును గోళ్ళతో చీల్చుకొనలేదు గదా.

ఇన్ని కత్తులు చూపిన చలనచిత్రములలో కమ్మరి ఎంతసేపు కనబడును? కనబడినను ఏమి చేయును? ఎఱ్ఱగా మరుగు ద్రవమును కత్తి ఆకారపు అచ్చులో పోయును, ఆవిరి లేచును, ఖడ్గము సిద్ధమగును. ఇది ప్రపంచమంతటను చలనచిత్రములు నేర్పుచున్న అసత్యము. మంచి ఖడ్గమును పోతపోయరు. దాగలిపై సమ్మెటతో సాగగొట్టుదురు. లక్షలమంది బాలురు చూచు దృశ్యమున ఈ తప్పు దొర్లుట చిన్న విషయము కాదు. ఫిలింనగర్‌లో అట్టకత్తి చేయు నేర్పరులున్నారు. ఉత్తర తెలంగాణమున ఉక్కు నెరిగిన వంశములవారున్నారు. చిత్రమున కత్తిపుట్టు దృశ్యము వచ్చినపుడు ఒక కమ్మరిని పిలిపించి, కూలికి కాక గురుస్థానమున కూర్చుండబెట్టినచో, నిర్మాతకగు వ్యయము మిక్కిలి స్వల్పము. ఖడ్గపు పిడికి పూసిన బంగారువన్నె ఖర్చుకన్న అది తక్కువయే యగును. పోరాటమున అట్టకత్తి ఉండనిండు. అచ్చట అదియే ధర్మము. పుట్టుక మాత్రము నిజమైనది కావలెను.

చిత్రీకరణ ముగిసిన సాయంకాలమున సహాయకుడొకడు కత్తులను లెక్కపెట్టి గోతములలో వేయించుచుండును. వంగినవి ఒకవైపు, పూత లేచినవి ఒకవైపు. సెట్టు వెనుక వంటవాడు రాత్రి భోజనములకు ఉల్లిపాయలు తరుగుచుండును. అతని కత్తికి పిడి నల్లబడినది. సానపట్టి పట్టి అలుగు సగమునకు అరిగినది. గోతములవాడు తన లెక్కలో దానిని చేర్చడు. వంటవాడు పని ముగియగానే దానిని కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టి, ఎవరికిని ఇవ్వక తన సంచిలోనే పెట్టుకొనును.